ఏజెన్సీ దారికి ఏ బండి కొనాలి: ముక్కున్నదా, ముక్కు లేనిదా

కాఫీ కోతలు దగ్గర పడుతున్నాయంటే చాలు నాకు ఫోన్లు మొదలవుతాయి, అన్నా లోను వస్తోంది టాటా ఏస్ తీసుకోమంటావా, బొలెరో పికప్ తీసుకోమంటావా, లేదంటే ఇంకొంచెం అప్పు చేసి పాత టాటా 407 లారీ చూసుకోమంటావా అని. ఒక్కొక్కరికీ అరగంట చెప్తున్నా, చెప్పిందే మళ్ళీ చెప్తున్నా, అందుకే ఈసారి కూర్చుని మొత్తం రాసేస్తున్నా. నేను పాడేరు చుట్టుపక్కల పద్నాలుగేళ్ళ నుంచి లోడు బండ్లు తోలుతున్నా, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాఫీ, ఆ తర్వాత పసుపు, మిరియాలు, మిగతా రోజుల్లో సంతలకి సరుకు, ఇళ్ళు కట్టేవాళ్ళకి సిమెంటు, ఇసుక, రేకులు. ముక్కు, అంటే ముందుకి పొడుచుకొచ్చే బానెట్, లేని చిన్న బండ్లు రెండు వాడాను, ముక్కున్న పికప్ ఒకటి ఇప్పుడూ ఉంది, మధ్యలో మూడేళ్ళు ఒకాయన దగ్గర 407 తోలాను.

ఘాట్ రోడ్డు సంగతి పక్కన పెట్టేయండి. మాడుగుల వైపు నుంచి పాడేరు ఎక్కే ఘాట్ ఎన్ని మెలికలున్నా తారు రోడ్డే, ఆర్టీసీ బస్సు తిరిగే చోట ఏ బండైనా తిరుగుతుంది. నేను మాట్లాడేది ఆ తారు వదిలేశాక ఊళ్ళలోకి పోయే దారి గురించి. కొంత దూరం సిమెంటు రోడ్డు ఉంటుంది, ఆ తర్వాత ఎర్రమట్టి, మధ్యలో రెండు గెడ్డలు (వాగులు), ఒక పక్క కొండ కోసిన గట్టు, ఇంకో పక్క సిల్వర్ ఓక్ చెట్ల మధ్య నుంచి కిందకి లోయ, వానకి మట్టి కొట్టుకుపోయి తేలిన రాళ్ళు, బండి వెడల్పు కన్నా రెండు జానలు ఎక్కువుంటే గొప్ప అనిపించే మలుపులు. అలాంటి దార్లో ఇంజను ఎన్ని సీసీలన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు చూడాల్సింది ముందు చక్రాలు మీ కాళ్ళకి ముందున్నాయా, మీ కిందున్నాయా, మీ వెనకున్నాయా అని. షోరూంలో ఈ ముక్క ఎవరూ చెప్పరు, మైలేజీ చెప్తారు, ఈఎంఐ చెప్తారు.

ముక్కు లేని బండి అంటే క్యాబిన్ ఇంజను మీద కూర్చునే రకం, క్యాబ్ ఓవర్ అంటారు, కంపెనీవాళ్ళు ఫార్వర్డ్ కంట్రోల్ అని కూడా రాస్తారు. మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు. 1980ల్లో జపాన్ కంపెనీలతో కలిసి నాలుగు రకాల వ్యాన్లు వచ్చాయి, డీసీఎం టయోటా, ఐచర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా, మన జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్. నాలుగూ ముక్కు లేనివే. డీసీఎం టయోటా ఎప్పుడో పోయినా ఇప్పటికీ హైదరాబాద్ వైపు ఆ సైజు బండి ఏది కనబడినా డీసీఎం అనే అంటారు, అంతగా నాటుకుపోయింది. వాటికి పోటీగా 1986లో టాటా 407 దింపింది, అది మధ్యరకం, ముక్కు పొట్టిగా ఉంటుంది, ఇంజను సగం క్యాబిన్లోకి వచ్చి ఉంటుంది, దానికి ఎస్ఎఫ్‌సీ అని పేరు, సెమీ ఫార్వర్డ్ కంట్రోల్ అని. 2005లో టాటా ఏస్ వచ్చాక ముక్కు లేని చిన్న బండి ప్రతి ఊరికీ చేరింది.

ఇప్పుడు అసలు తేడా. బానెట్ బండి తోలి అలవాటైనవాడు ముక్కు లేని బండి ఎక్కాడనుకోండి, మొదటి మలుపులోనే తప్పు చేస్తాడు, నేనూ చేశాను. బానెట్ బండిలో ముందు చక్రాలు మనకన్నా ముందుంటాయి, మన ఒళ్ళు మలుపు దగ్గరికి వచ్చేసరికి చక్రాలు అప్పటికే మలుపులోకి వెళ్ళిపోయి ఉంటాయి. ముక్కు లేని దాంట్లో చక్రాలు దాదాపు మన కిందే ఉంటాయి, ఐచర్ లాంటి పెద్దవాటిలో సీటు ఇంకా ముందుకి వెళ్ళి అవి మన వెనక ఉన్నట్టు అనిపిస్తాయి, కాబట్టి పాత అలవాటులో స్టీరింగ్ కోస్తే, అంటే తిప్పేస్తే, మీటరు ముందే కోసేసినట్టు అవుతుంది, వెనక లోపలి టైరు గట్టు ఎక్కేస్తుంది లేదా కాలవలో దిగిపోతుంది. నాకు జరిగింది ఇదే, హుకుంపేట దాటాక లోపల ఒక మలుపులో ఎడమ వెనక టైరు గట్టు మీదికెక్కి కాఫీ బస్తాలన్నీ లోయ వైపుకి ఒరిగిపోయాయి, తాడు గట్టిగా కట్టి ఉంది కాబట్టి ఆగింది. ఆ రోజు నుంచి నేర్చుకున్నా, ముక్కు లేని బండిని మలుపులోకి బాగా లోపలికి తీసుకెళ్ళాలి, ఇంక ముందుకెళ్తే పడిపోతామేమో అనిపించేదాకా వెళ్ళి అప్పుడు పూర్తిగా కోయాలి. లోయ అంచు మీద మన సీటు వేలాడుతున్నట్టు ఉంటుంది గానీ టైరు రోడ్డు మీదే ఉంటుంది. అది నమ్మడానికి నాకు ఒక సీజన్ పట్టింది.

కానీ అదే సీటు వల్ల లాభం కూడా ఉంది. టైరు ఏ రాయి మీద పడుతోందో దాదాపు కిటికీలోంచి చూసుకోవచ్చు. పికప్‌లో ఎక్కుడు చివరికి వచ్చి బండి తల పైకెత్తినప్పుడు బానెట్ తప్ప ఇంకేం కనబడదు, చదునులో కూడా నా ఎత్తుకి బంపర్ ముందు మూడు నాలుగు మీటర్ల నేల కనబడదు, ఆ కొస దాటాక రోడ్డు కుడికి తిరిగిందో ఎడమకి తిరిగిందో గుర్తు పెట్టుకుని పోవాల్సిందే, కొత్త దారైతే క్లీనర్ కుర్రాణ్ణి దింపి ముందు నడిపిస్తా. ముక్కు లేని దాంట్లో ఆ బాధ లేదు, అద్దం కిందే నేల.

దిగుడులో మాత్రం లెక్క తిరగబడుతుంది. బాగా వాలుగా ఉన్న చోట ముక్కు లేని బండిలో కూర్చుంటే అద్దం నిండా నేలే కనబడుతుంది, ఒళ్ళు స్టీరింగ్ మీదికి జారిపోతుంది, ఉన్న వాలు కన్నా రెండింతలు అనిపిస్తుంది, కొత్త కుర్రాళ్ళు అక్కడే భయపడి బ్రేకు గట్టిగా తొక్కేస్తారు. ఖాళీ బండిలో బరువంతా ముందే ఉంటుంది, వెనక తేలిక, మట్టి తడిగా ఉంటే వెనక చక్రాలు పట్టేసి తోక పక్కకి జారుతుంది, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం తక్కువ కాబట్టి బండి తిరగడం కూడా గబుక్కున తిరుగుతుంది. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అని పాతవాళ్ళు చెప్పేది ఈ బండ్లకి ఇంకా గట్టిగా పాటించాలి, చిన్న రెండు సిలిండర్ల ఇంజను మొదటి గేరులో తప్ప బండిని పట్టి ఉంచలేదు.

సరే, ముందు చిన్న బండికీ పికప్‌కీ పోలిక చూద్దాం, తొంభై శాతం మంది అడిగేది ఇదే.

టాటా ఏస్ పొడవు 3.8 మీటర్లు, వెడల్పు మీటరున్నర, చక్రాల మధ్య దూరం 2.1 మీటర్లు, తిరిగే వ్యాసార్ధం 4.3 మీటర్లు. మారుతి సూపర్ క్యారీ కూడా దాదాపు అదే సైజు, దానికి 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజను, మొదట్లో వచ్చిన ఏస్‌కి 702 సీసీ రెండు సిలిండర్ల డీజిల్, 16 హార్స్ పవరే. బొలెరో పికప్ పొడవు మోడల్‌ని బట్టి 5 మీటర్లకి అటూ ఇటూ, చక్రాల మధ్య 3 మీటర్ల పైనే, వెడల్పు 1.7 మీటర్లు, రెండున్నర లీటర్ల డీజిల్, తిరగడానికి వ్యాసార్ధం 5 మీటర్లు దాటుతుంది. అంటే చిన్న బండి ఒక్క కోతలో తిరిగిపోయే మలుపులో పికప్ ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి, మళ్ళీ ముందుకి వెళ్ళాలి. చదునులో అయితే అదేం పెద్ద పని కాదు, వాలులో లోడుతో, వెనక లోయ పెట్టుకుని రివర్స్ తీయడం అంటే ప్రతిసారీ క్లచ్ కాలిన వాసన, కుర్రాడు టైరు కింద చెక్క పెట్టుకుంటూ పక్కనే నడవడం, వాన పడుతుంటే ఆ చెక్క కూడా జారడం. ఒక ట్రిప్పులో ఇలాంటి మలుపులు ఆరు ఉన్నాయంటే రోజుకి రెండు ట్రిప్పులు వెయ్యాల్సినవాడు ఒకటే వేస్తాడు, క్లచ్ ప్లేటు ఏడాది తిరక్కుండా మార్చుకుంటాడు. మలుపులు ఇరుకైన దారిలో చిన్న బండి గెలిచేది ఇక్కడే, పికప్ ఎంత బలమైనదైనా సరే.

మలుపు తీసేసి నేల సంగతికి వద్దాం, అక్కడ పికప్ గెలుస్తుంది, బాగా గెలుస్తుంది. ఏస్‌ది 12 అంగుళాల చక్రం, నేలకీ బండికీ మధ్య 160 మిల్లీమీటర్లు. తేలిన రాయి మీదికి 15, 16 అంగుళాల చక్రం దొర్లుకుంటూ ఎక్కేస్తుంది, 12 అంగుళాల చక్రం గుద్దుకుని ఆగిపోతుంది, గుంతలో పూర్తిగా దిగిపోతుంది. చక్రాల మధ్య దూరం తక్కువ కాబట్టి దిబ్బ మీద పొట్ట తగలడం మాత్రం చిన్నదానికి అనుకున్నంత ఉండదు, ఆ ఒక్కటి మంచిది. ఇంకోటి ఎవరూ గమనించనిది చెప్తా. మట్టి దార్లో టైర్లు పడి పడి రెండు చాళ్ళు ఏర్పడతాయి కదా, ఆ చాళ్ళు వేసేవి జీపులూ బొలెరోలూ ట్రాక్టర్లూ. చిన్న బండి ఇరుకు, దాని చక్రాలు రెండు చాళ్ళలోనూ ఒకేసారి పడవు, ఒకటి చాల్లో ఉంటే ఇంకోటి మధ్య గట్టు మీద ఉంటుంది, దాంతో బండి మొత్తం దారంతా ఒక పక్కకి ఒరిగే నడుస్తుంది. పైన బస్తాలు ఎత్తుగా పేరిస్తే ఆ ఒరుగుడు చూడ్డానికే భయమేస్తుంది. వాన పడ్డ మర్నాడు చాళ్ళు లోతుగా ఉంటే నేను చిన్న బండి అసలు తియ్యను, ఎవరు ఎంత బతిమాలినా.

ఎక్కుడు సంగతి లెక్క వేసి చూపిస్తా, చక్రాల మధ్య దూరం ఎంత పని చేస్తుందో తెలుస్తుంది. ఐదు మీటర్లు నడిస్తే ఒక మీటరు పైకి లేచే వాలు అనుకోండి, లోడుతో కలిపి బండి బరువు మధ్య బిందువు నేల నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. 2.1 మీటర్ల బండిలో మొత్తం బరువులో 7 శాతం పైగా ముందు చక్రాల మీద నుంచి వెనక్కి పోతుంది, 3 మీటర్ల బండిలో 5 శాతం. చూడ్డానికి చిన్న తేడా, కానీ మనవాళ్ళు బస్తాలు వెనక డోరు దాటించి కడతారు కదా, అది వెనక ఇరుసుకి అవతల పడే బరువు, రెండూ కలిసి ముందు చక్రాలు తేలికైపోతాయి, స్టీరింగ్ చేతిలో ఖాళీగా తిరుగుతుంది, మలుపులో బండి మాట వినదు. కొండ మధ్యలో ముందు చక్రాలు గాల్లోకి లేచిన చిన్న బండిని నేను కళ్ళారా చూశాను, డ్రైవరు తలుపు తీసుకుని దూకాడు, దేవుడి దయ వల్ల బండి వెనక్కి వాలి బాడీ నేలకి ఆనుకుని ఆగింది. చిన్న బండి తీసుకుంటే 700 కేజీలు అంటే 700 కేజీలే, బరువైన బస్తాలు క్యాబిన్ వెనక గోడకి ఆనించి పెట్టండి, తేలికవి చివర. పికప్ టన్ను పైన మోస్తుంది కాబట్టి ఓవర్‌లోడ్ చెయ్యాలన్న ఆశ కూడా తక్కువ పుడుతుంది.

ఖాళీగా ఎక్కేటప్పుడు సమస్య వేరు. రెండూ వెనక చక్రాలతో నడిచేవే, ఖాళీ బండికి వెనక బరువుండదు, బురద ఎక్కుడులో టైరు అక్కడే గిరగిరా తిరుగుతుంది. నేను వానాకాలం నాలుగు ఇసుక బస్తాలు వెనక ఇరుసు మీదుగా పడేసి ఉంచుతా, పొద్దున లోడు కోసం పైకి వెళ్ళేటప్పుడు పనికొస్తాయి, లోడు ఎక్కాక అక్కడే దింపేస్తా.

ఇక పెద్దవి. 407 గురించి నాకు పక్షపాతం ఉంది, దాచను. పొట్టి ముక్కు వల్ల ముందు నేల బాగానే కనబడుతుంది, చక్రం మరీ సీటు కింద కాకుండా కొంచెం ముందుంటుంది కాబట్టి రాయి మీద పడ్డప్పుడు వెన్నుకి నేరుగా తగలదు, బానెట్ ఎత్తితే ఇంజను చేతికి అందుతుంది, ఏ సంతలో అడిగినా దాని మెకానిక్ దొరుకుతాడు. రెండు టన్నులు పైకి తీసుకెళ్ళాలంటే, మలుపులు ఓపెన్‌గా ఉంటే, దానికి మించింది లేదు. ఐచర్ సైజు పూర్తి క్యాబ్ ఓవర్ అయితే అదే పొడవులో ఇంకా పెద్ద బాడీ వస్తుంది, కంకర రోడ్డు ఉన్న ఊరికి అది లాభమే, కానీ దానికి చక్రానికి ముందు మీటరుకి పైగా ముక్కు లేని ముఖం వేలాడుతుంది, గెడ్డలోకి దిగి అవతలి గట్టు ఎక్కేటప్పుడు చక్రం గట్టుని తాకకముందే బంపర్ గుచ్చుకుంటుంది. పికప్‌లో చక్రమే ముందు తగిలి ఎక్కుతుంది. అంతేకాదు మలుపులో ఆ ముఖం రోడ్డు దాటి బయటికి ఊడుస్తూ పోతుంది, అటు పక్క లోయ అయితే పర్లేదు గాలే కదా, కొండ గట్టు ఉంటే మాత్రం బంపర్ మూల, హెడ్‌లైటు పోతాయి.

వీటన్నిటికీ వెనక జంట టైర్లు. తారు మీద లోడుకి అవి కావాలి, రాళ్ళ దార్లో మాత్రం రెండు టైర్ల మధ్య రాయి ఇరుక్కుంటుంది, చూసుకోకపోతే సైడు గోడ కోసేస్తుంది, పైగా ముందు టైర్లు నొక్కిన దారిలోనే వెనకవి నడవవు, రెండు పక్కలా కొత్త బురద తొక్కుతాయి, దాంతో ఇంజను మీద భారం. ఆస్ట్రేలియాలో ఇసుజు ఎన్‌పీఎస్, ఫ్యూసో క్యాంటర్ లాంటి 4 వీల్ డ్రైవ్ క్యాబ్ ఓవర్ లారీలు కొనుక్కుని ఎడార్ల మీద పడి తిరిగేవాళ్ళు చాలామంది చేసే మొదటి పని ఆ జంట టైర్లు తీసేసి వెనక ఒక్కో పెద్ద టైరు వేయించడం, ముందూ వెనకా ఒకే చాల్లో నడవాలని. మన దగ్గర అలా మార్చమని నేను చెప్పను, లోడు తగ్గిపోతుంది, ఆర్టీఓ దగ్గర కాగితాల గొడవ, కానీ ప్రతి ట్రిప్పు దిగాక టార్చి వేసి జంట టైర్ల మధ్య చూసే అలవాటు మాత్రం చేసుకోండి.

4 వీల్ డ్రైవ్ కావాలా అని అడుగుతారు. జపాన్‌లో కేయ్ ట్రక్కులని ఉంటాయి, 3.4 మీటర్ల పొడవు, 1.48 మీటర్ల వెడల్పు, 660 సీసీ దాటకూడదని అక్కడి రూలు, సుజుకీ క్యారీ, డైహట్సు హైజెట్ లాంటివి, మన చిన్న బండికి అన్నదమ్ములే, కానీ అక్కడ కొండల మీద వరి పండించే రైతులకి వాటిని 4 వీల్ డ్రైవ్‌తో అమ్ముతారు. మనకి వచ్చే సూపర్ క్యారీ, ఏస్‌లలో ఆ వసతి లేదు. వాళ్ళ దగ్గరున్న బండి మనకి దొరికితే ఈ రాత మొత్తం రెండు లైన్లలో అయిపోయేది, అది కొనుక్కోండి అని. మన దగ్గర ఈ సైజు పనికి 4 వీల్ డ్రైవ్ అంటే బొలెరో క్యాంపర్, పికప్‌లలో వచ్చినవి చూసుకోవాలి, అవి బానెట్ బండ్లే. ఆర్మీ దగ్గర చూడండి, ఒకప్పుడు జర్మనీ మాన్ కంపెనీ డిజైన్‌తో జబల్‌పూర్ ఫ్యాక్టరీలో కట్టిన శక్తిమాన్ ఉండేది, పొడుగు ముక్కు లారీ, దాని తర్వాత వచ్చిన అశోక్ లేలాండ్ స్టాలియన్ క్యాబ్ ఓవర్, 4 వీల్ డ్రైవ్. కొండ దార్లలో ముక్కు లేని లారీ పనికిరాదు అనే మాట తప్పని నేను అందుకే అంటా, నాలుగు చక్రాలూ లాగితే, చక్రం పెద్దదైతే, అది బ్రహ్మాండంగా పోతుంది. మన చిన్న బండ్లలో లోటు ముక్కు లేకపోవడం వల్ల వచ్చింది కాదు, 12 అంగుళాల చక్రం వల్ల వచ్చింది.

రిపేరు సంగతి త్వరగా చెప్పేస్తా. చిన్నవాటిలో ఇంజను సీటు కిందుంటుంది, సీటు ఎత్తితే పైపై పనులు అవుతాయి, ఎండాకాలం ఎక్కుడులో మొదటి గేరులో అరగంట పోతే సీటు కింద నుంచి వేడి తొడలకి తగులుతుంది. పెద్ద క్యాబ్ ఓవర్‌లో క్యాబిన్ మొత్తం ముందుకి వంచాలి, దానికి చదును నేల కావాలి, పైన కొమ్మలుండకూడదు, క్యాబిన్లో సామాను ఉండకూడదు. దిగుడులో ముందుకి వాలి ఉన్న బండి క్యాబిన్ వంచబోతే అది మీద పడుతుంది, ఎప్పుడూ చెయ్యకండి. గెడ్డలు దాటాలంటే ఏ బండైనా ఎయిర్ ఫిల్టర్ నోరు ఎంత ఎత్తులో ఉందో కొనే ముందే వేలు పెట్టి చూసుకోండి, పెద్ద క్యాబ్ ఓవర్‌లకి చాలావాటిలో క్యాబిన్ వెనక పైకి ఉంటుంది, అది మంచి సంగతి.

ప్రాణం సంగతి త్వరగా చెప్పలేను. ముక్కు లేని బండికి ముందు రేకు, దాని వెనక మీ మోకాళ్ళు, అంతే. చెట్టుని గుద్దినా, ఎదురుగా వచ్చే బండిని గుద్దినా మొదట నలిగేది కాళ్ళు. మా చిన్నాన్న కొడుకు రెండేళ్ళు మంచం మీద ఉన్నాడు, ముప్పై స్పీడులో సిమెంటు దిమ్మెని గుద్దినందుకు. లోపలి దార్లో పది, పదిహేను స్పీడే కాబట్టి అక్కడ అంత భయం లేదు, కానీ అదే బండితో మీరు అనకాపల్లి, వైజాగ్ హైవే మీద కూడా రోజూ తిరిగేవాళ్ళైతే ముక్కున్న బండి తీసుకోండి, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. నడుము నొప్పి కూడా లెక్కలోకి తీసుకోండి, ఇరుసు మీద కూర్చుని రాళ్ళలో పదేళ్ళు తోలితే నడుము పోతుంది, నాకు బెల్టు పెట్టుకోమన్నారు డాక్టరు.

మరి ఎలా తేల్చుకోవాలి. షోరూంకి వెళ్ళే ముందు ఒక రోజు మీ దారికి వెళ్ళండి, పది మీటర్ల తాడు, ఒక టేపు పట్టుకుని. అన్నిటికన్నా ఇరుకు మలుపు దగ్గర వచ్చే రోడ్డు బయటి అంచు నుంచి పోయే రోడ్డు బయటి అంచుకి తాడు లాగి కొలవండి. చిన్న బండికి 4.3 మీటర్ల వ్యాసార్ధం అంటే టైరుకే 8.6 మీటర్లు కావాలి, బంపర్ బయటికి ఊడ్చే దూరం, రెండు పక్కలా కాస్త జాగా కలిపితే పది మీటర్లు. పది దగ్గర ఉంటే చిన్నదే తీసుకోండి, పికప్ అక్కడ రోజూ ఏడిపిస్తుంది. పన్నెండు, పదమూడు మీటర్లు వచ్చిందా, పికప్ తీసుకోండి, ఇంక ఆలోచించకండి. పదికి కూడా తక్కువుంటే రెండూ వద్దు, రోడ్డు దాకా ఆటోతోనో మనుషులతోనో తెప్పించుకుని అక్కడ నుంచి పికప్‌లో వేసుకోవడం చవక. తర్వాత వాలు, మేస్త్రీ వాడే నీళ్ళ ట్యూబు తీసుకెళ్ళి ఐదు మీటర్లకి ఎంత లేస్తోందో చూడండి, మీటరు దాటే చోట్లు రెండు మూడు ఉండి కింద మట్టే అయితే చిన్న బండి లోడుతో ఎక్కదు, ఎక్కినా ఎక్కువ కాలం ఎక్కదు. మలుపూ ఇరుకు, వాలూ ఎక్కువ అయితే చిన్న బండి తీసుకుని సగం లోడే వెయ్యాలి, కష్టమే గానీ వేరే దారి లేదు. ఏడాదిలో నాలుగు నెలలు కాఫీకి మాత్రమే లోపలికి వెళ్ళి మిగతా ఎనిమిది నెలలు తారు మీద సంతలు తిరిగేవాళ్ళు ఆ ఎనిమిది నెలల పని చూసి కొనండి, నాలుగు నెలలకి బండి అద్దెకి దొరుకుతుంది.

పాత 407 గానీ ఐచర్ గానీ కొండ మీద తిరిగింది కొంటున్నారంటే బాడీ కింద దూరి చాసిస్‌కి (కింది ఇనుప చట్రానికి) బాడీ బిగించే యూ బోల్టుల దగ్గర చూడండి. రాళ్ళలో ఒక మూల చక్రం ఎక్కితే చాసిస్ మెలి తిరుగుతుంది, ఆ మెలి అక్కడ పగుళ్ళుగా తేలుతుంది, కొత్తగా వెల్డింగ్ చేసి రంగు వేసి ఉంటే బేరం ఆపేయండి. కమాన్ పట్టీల మధ్య బోల్టు విరిగి ఇరుసు పక్కకి జరిగిందేమో రెండు పక్కలా ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం టేపుతో కొలవండి, రెండూ ఒకటే రావాలి. క్లచ్ చూడాలంటే ఎక్కుడులో ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, రెండో గేరులో మెల్లగా కదిలించమనండి.

కొత్తదైనా పాతదైనా ఖాళీ బండి తారు మీద తోలి చూసి డబ్బు కట్టకండి. నాకు ఒకసారి ఒక షోరూంలో మీ కొండకి ఇది హాయిగా వెళ్తుందన్నా అని చెప్పారు, వాళ్ళు కొండ చూసింది లేదు, నేను అడగలేదు, మూడు నెలలకే అమ్ముకున్నా. ఊళ్ళో అదే మోడల్ ఉన్నవాణ్ణి పట్టుకోండి, ఒక ట్రిప్పు డీజిల్ డబ్బులు మీరు పెట్టుకోండి, మీ సరుకే వేసుకుని మీ దారికే తీసుకెళ్ళి, మీరు కొలిచిన ఆ మలుపులో లోడుతో ఒకసారి ఎక్కి, ఒకసారి దిగండి. ఎదురుగా ఎక్కే బండి వస్తే దిగేవాళ్ళే ఆగి దారివ్వాలి, రూలు కూడా అదే, కాబట్టి దిగేటప్పుడు ఎక్కడ ఆగొచ్చో, ఎంత దూరం వెనక్కి ఎక్కాలో కూడా ఆ ట్రిప్పులోనే చూసుకోండి, రివర్స్‌లో లోడుతో ఎక్కలేని బండి ఆ దారికి పనికిరాదు.